నుదుటి మీద కత్తివేటు లాంటి చార జుట్టులోకి పాకుతోంది: పాపకు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాలా?

గుంతకల్లు నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది. పోయిన ఏడాది ఉగాదికి ముందు తలస్నానం చేయించి జడ వేస్తున్నప్పుడు, నుదుటికి కుడివైపున జుట్టు మొదలయ్యే చోట రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు పలచబడి ఉండటం నా భార్య గమనించింది. ఇంట్లో పెద్దవాళ్లు చూసి పేనుకొరుకుడే అని తేల్చారు. మా అత్తగారు గురివింద గింజ అరగదీసి వారం రోజులు రాస్తే, చర్మం కమిలిపోయి పాప ఏడ్చేసరికి మానేశాం. తర్వాత మందుల షాపులో తామర మందు ఇస్తే రెండు నెలలు పూశాం. ఊళ్లో ఒకరు నాగదోషమన్నారు, పుట్టలో పాలు కూడా పోసి వచ్చాం.

దసరా నాటికి అది గుండ్రటి మచ్చగా లేదు. కింద కనుబొమ వైపుకు, పైన మూడు వేళ్ల మేర తలలోకి, గీత గీసినట్టు సాగింది. వేలితో తడిమితే చుట్టుపక్కల చర్మం మామూలుగానే కదులుతోంది కానీ, ఆ చార మాత్రం మైనం పూసినట్టు నున్నగా, కింద ఎముకకు అతుక్కుపోయినట్టు బిగువుగా తగులుతోంది. దీపం పక్క నుంచి పడితే సన్నని కాలువలో నీడ నిలిచినట్టు కనిపిస్తుంది. నొప్పి లేదు, దురద లేదు.

అనంతపురంలో చర్మవైద్యురాలికి చూపించాం. ఆమె పది నిమిషాలు వేలితోనే పరీక్షించి, ఇది లీనియర్ స్క్లెరోడెర్మా, ముఖానికీ తలకూ వచ్చే ఈ రకాన్ని 'ఎన్ కూ ద సాబ్ర్' అంటారు, అంటే కత్తివేటు అని అర్థం అని చెప్పారు. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, దానితోపాటు కొన్ని నెలలు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. తలకు ఎంఆర్ఐ తీయించి, కళ్లు కూడా పరీక్ష చేయించమన్నారు.

ఇంటికి వచ్చి ఫోనులో వెదికితే మెథోట్రెక్సేట్ క్యాన్సరు మందు అని ఉంది. స్క్లెరోడెర్మా అని కొడితే ఊపిరితిత్తులు, కిడ్నీలు గట్టిపడి మనిషే దక్కరని ఉంది. మా బావమరిది, 'ఇది ఒట్టి మచ్చే కదా, పెద్దయ్యాక ప్లాస్టిక్ సర్జరీ చేయిస్తే పోతుంది, ఇప్పుడు పసిపిల్లకు విషం ఎందుకు' అంటున్నాడు. రక్తపరీక్షలలో ఏఎన్ఏ (శరీరం తన కణాల మీదే తయారుచేసుకునే యాంటీబాడీల పరీక్ష) కొద్దిగా పాజిటివ్ తప్ప మిగిలినవన్నీ మామూలుగానే ఉన్నాయి. అన్నీ మామూలుగా ఉన్నప్పుడు అంత గట్టి మందు అవసరమా? ఆడపిల్ల, రేపు సంతానానికి ఇబ్బంది అవుతుందేమోనని నా భార్య భయం. మందుల చీటీ పది రోజులుగా దేవుడి పటం వెనకే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

ప్రొద్దుటూరు అక్క

అన్నా, నాకు ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. మీ పాపకు వచ్చినదే నాకు ఎనిమిదో ఏట వచ్చింది. మా నాయన కూడా మీ బావమరిది అన్న మాటే అన్నాడు. ఆయన్ను తప్పు పట్టను, అప్పట్లో మాకు ఈ జబ్బు పేరు చెప్పినవాళ్లే లేరు. ఎండు గజ్జి అన్నవాళ్లు, చిన్నప్పుడు ఉయ్యాలలోంచి పడిన దెబ్బ అన్నవాళ్లు ఉన్నారు. నాలుగేళ్ల పాటు అది తన పని తాను చేసుకుపోయింది. మొదట నుదురు, తర్వాత కనుబొమ లోపలి కొస, ఆ తర్వాత ముక్కు పక్కగా పైపెదవి దాకా దిగింది. పైవరుసలో ఆ వైపు పన్ను ఆలస్యంగా, చిన్నదిగా వచ్చింది. పన్నెండో ఏట దానంతట అదే ఆగింది. ఆగిపోయిందన్న మాట విని సంతోషించకండి. అప్పటికి తీసుకోవలసినదంతా తీసుకుంది.

ఇరవై ఆరో ఏట ఒక పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి వైద్యుడు చూసిన వెంటనే పేరు చెప్పాడు. మందులేమైనా వాడాలా అని అడిగాను. 'జబ్బు ఎప్పుడో చల్లారిందమ్మా, మందుకు ఇప్పుడు పని లేదు, మిగిలింది గుంట ఒక్కటే' అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత తొడ నుంచి కొవ్వు తీసి గుంటలో నింపారు. బాగానే నిండింది కానీ ఏడాది తిరిగేసరికి కొంత శరీరం లాగేసుకుంది, రెండోసారి చేయించుకోవలసి వచ్చింది. తలలో జుట్టు పోయిన చోట మాత్రం మళ్లీ రాలేదు. దువ్వెన అక్కడికి రాగానే ఒక పన్ను గాడిలో పడ్డట్టు తగులుతుంది, అద్దం లేకుండానే పాపిట ఎక్కడ తీయాలో ఆ తగలడమే నాకు చెబుతుంది. పాపిట ఎడమకు మార్చి పాతికేళ్లయింది.

కత్తివేటు అన్నారు కదా, మన సీమలో ఆ పోలిక ఇంకో రకంగా బాధపెడుతుంది. జమ్మలమడుగు బస్సులో ఒక పెద్దాయన నా నుదురు చూసి, 'ఏం తల్లీ, మీ ఇంట్లో కూడా గొడవలా?' అని జాలిగా అడిగాడు. ఆయన మనసు మంచిదే. నేను మాత్రం రెండు స్టేజీల ముందే దిగిపోయాను.

నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, వాళ్లకెవరికీ ఇది రాలేదు. మచ్చ ఉన్నంత మాత్రాన బతుకు ఆగదు. అయితే ఎనిమిదో ఏట నాకొక మందు దొరికి ఉంటే నేను వద్దనేదాన్ని కాదు.

చర్మవైద్యుడు, కర్నూలు

మీ పాపను నేను చూడలేదు కనుక నిర్ణయం అనంతపురంలో చూసిన వైద్యురాలిదే. అయితే మీరు అడిగినవాటిలో పేరు వల్ల వచ్చిన గందరగోళం కొంత ఉంది, దాన్ని తీర్చడం అవసరం.

స్క్లెరోడెర్మా అంటే చర్మం గట్టిపడటం. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. మీరు ఫోనులో చదివినది రెండోది, అంటే వేళ్లు చలికి తెల్లబడి నీలమవుతూ, చేతుల చర్మం బిగుసుకుంటూ, ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ పాకే సిస్టమిక్ స్క్లెరోసిస్. మీ పాపది ఒకచోటికి పరిమితమైనది, దీన్ని మార్ఫియా అని కూడా అంటాం. ఇది అదిగా మారడం అత్యంత అరుదు. 2005లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో వివిధ దేశాలకు చెందిన 750 మంది పిల్లలను చూశారు, వారిలో ఐదుగురికి ఒకరు చొప్పున చర్మం దాటి కీళ్లకో, నరాల వ్యవస్థకో, కళ్లకో ఏదో ఒక ఇబ్బంది కనిపించింది గానీ, సిస్టమిక్ స్క్లెరోసిస్‌గా మారడం దాదాపు లేదు. కాబట్టి ఊపిరితిత్తుల భయం వదిలేయండి, కన్ను, మెదడు మాత్రం వదలకండి. ముఖానికీ తలకూ వచ్చిన చార లోతుకు దిగితే కింద కొవ్వు, కండరం, ఎముక దాకా తగ్గుతాయి. కొందరిలో అదే వైపు మెదడులో మచ్చలు, కాల్షియం పేరుకోవడం, తలనొప్పి, ఫిట్స్ కనిపిస్తాయి. కంటి లోపలి వాపు ఎర్రదనమూ నొప్పీ లేకుండానే రావచ్చు కనుక స్లిట్ ల్యాంప్‌తో, అంటే కంటి డాక్టరు దగ్గర ఉండే సూక్ష్మదర్శినితో, చూస్తే తప్ప తెలియదు. లక్షణాలు లేకపోయినా ఎంఆర్ఐ, కంటి పరీక్ష రాసింది అందుకే, ఆమె సరిగ్గానే రాశారు.

ముఖంలో సగభాగం క్రమంగా పలచబడిపోయే ప్యారీ రోంబర్గ్ అనే జబ్బు కూడా దీనికి దగ్గరి చుట్టమే. 1825లో ప్యారీ, 1846లో రోంబర్గ్ వర్ణించారు. ఒకే పిల్లలో రెండూ కలిసి కనిపించడం ఉంది. చార చెంప వైపుకు, దవడ వైపుకు వస్తోందా అని మేము చూస్తూ ఉండేది అందుకే.

ఇది పేనుకొరుకుడు కాదని మీరు వేలితో తెలుసుకున్నారు, అది మంచి పరీక్ష. పేనుకొరుకుడులో జుట్టు పోతుంది గానీ చర్మం మెత్తగా, మామూలుగా ఉంటుంది, వేరు బతికే ఉంటుంది కనుక జుట్టు తిరిగి వస్తుంది. తామరలో పొట్టు రాలుతుంది, వెంట్రుకలు మధ్యలో విరుగుతాయి. ఇక్కడ చర్మమే గట్టిపడి వేరును మింగేస్తుంది. చార అలా గీత గీసినట్టు రావడానికి కూడా కారణముంది: గర్భంలో చర్మకణాలు విస్తరించిన దారులు కొన్ని ఉంటాయి, వాటిని బ్లాష్కో రేఖలు అంటారు, జబ్బు చాలావరకు ఆ దారినే పోతుంది. దెబ్బా, దోషమూ గీసిన గీత కాదు. అంటువ్యాధి కూడా కాదు.

రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయి కాబట్టి జబ్బు చల్లగా ఉందనుకోవడం ఈ విషయంలో మనల్ని దారి తప్పిస్తుంది. ఈ జబ్బు చురుకుగా ఉందా లేదా అన్నది రక్తం చెప్పదు, అంచు చెబుతుంది. ఏఎన్ఏ పాజిటివ్ ఈ పిల్లల్లో చాలామందికి ఉంటుంది, దాన్ని పట్టించుకోనవసరం లేదు. పుస్తకాలలో చార చుట్టూ ఊదారంగు వలయం ఉంటుందని రాస్తారు గానీ, మన పిల్లల ఛాయలో అది సరిగ్గా కనపడదు, కొద్దిపాటి కమిలిన రంగుగానో, ముట్టుకుంటే వెచ్చగానో మాత్రమే తెలుస్తుంది. ఉగాదికి రూపాయి బిళ్లంత ఉన్నది దసరాకు కనుబొమ వైపుకు దిగిందని మీరే రాశారు. ఆరేడు నెలల్లో అంత సాగినది చురుకుగా ఉన్నట్టే.

మెథోట్రెక్సేట్ విషయానికి వస్తే, అది క్యాన్సరుకు వాడే మందు అన్నది నిజమే. కానీ అక్కడ చాలాసార్లు ఒక చదరపు మీటరు శరీర వైశాల్యానికి వందల, వేల మిల్లీగ్రాములు ఎక్కిస్తారు, ఇక్కడ వారానికి ఒకసారి అదే వైశాల్యానికి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తాం. అది కణాలను చంపే మోతాదు కాదు, రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకాన్ని తగ్గించే మోతాదు. కీళ్లవాతం ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి దీన్నే తీసుకుంటారు. ఇటలీ వైద్యులు 70 మంది పిల్లలపై చేసి 2011లో ప్రచురించిన పరిశీలనలో అందరికీ మూడు నెలలు స్టెరాయిడ్ ఇచ్చి, కొందరికి మెథోట్రెక్సేట్, కొందరికి ఉత్తి బిళ్లలు ఇచ్చారు. మెథోట్రెక్సేట్ తీసుకున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి జబ్బు తిరగబెట్టింది, ఉత్తి బిళ్లలవారిలో 70 శాతానికి పైగా. స్టెరాయిడ్ మంటను తొందరగా ఆర్పుతుంది, మెథోట్రెక్సేట్ దాన్ని మళ్లీ అంటుకోకుండా కాస్తుంది. రెండూ కలిపి రాయడంలోని మర్మం అదే. చార నిలిచిపోయాక కూడా కనీసం ఏడాది కొనసాగించాలి. మధ్యలో బాగుందని ఆపేసి రెండేళ్ల తర్వాత కొత్త గుంటతో వచ్చిన పిల్లలను చూశాను.

మీ భార్య గారి సందేహానికి సమాధానం: ఈ మోతాదులో వాడి ఆపేసిన తర్వాత ఆడపిల్లల సంతానసామర్థ్యానికి శాశ్వత నష్టం జరుగుతుందన్న ఆధారం లేదు. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదన్నది వేరే విషయం, తొమ్మిదేళ్ల పాపకు అది వర్తించదు.

ఇక ప్లాస్టిక్ సర్జరీ. మీ బావమరిది చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు, వరుస తప్పింది. జబ్బు పూర్తిగా చల్లారి ఒకటి రెండేళ్లు గడిచాకనే కొవ్వు నింపడం వంటివి చేస్తారు. రగులుతున్న చోట చేస్తే నింపినది కూడా కరిగిపోవచ్చు. ముందు మంట ఆర్పాలి, తర్వాత గోడ కట్టుకోవాలి.

ఆకుపసరు అభిమాని

డాక్టరు గారితో వాదించడం లేదు గానీ, గురివింద గింజను పాలలో ఉడికించి శుద్ధి చేయకుండా రాసి ఉంటారు, అందుకే పాపకు కమిలింది. సరైన పద్ధతిలో చేస్తే మా ఊళ్లో చాలామందికి జుట్టు వచ్చింది.

చర్మవైద్యుడు, కర్నూలు

మీరు చెప్పినవారికి ఉన్నది పేనుకొరుకుడై ఉంటుంది, అది చాలామందిలో ఏ మందూ రాయకపోయినా తగ్గుతుంది. గురివిందను ఆయుర్వేదమే ఉపవిషాల్లో లెక్కించింది. అందులోని అబ్రిన్ ప్రాణాంతకమైన విషం, పిల్లలున్న ఇంట్లో ఆ గింజలను నూరి ఉంచడం కూడా ప్రమాదమే. పైగా ఈ జబ్బు ఉన్న చర్మాన్ని గాయపరచకూడదు. దయచేసి ఈ పాప విషయంలో ఆ సలహా వద్దు.

ఎమ్మిగనూరు అమ్మ

మా వాడికి ఆరో ఏట ఎడమ నుదుటి మీద మొదలైంది. మేము కూడా వద్దా కావాలా అని ఏడాది గడిపాం. ఒక రోజు బడి నుంచి ఫోను వచ్చింది, ప్రార్థనలో నిలబడ్డవాడు పడిపోయి ఫిట్స్ వచ్చాయని. ఎంఆర్ఐలో చార ఉన్న వైపే తెల్లమచ్చలు ఉన్నాయన్నారు. అప్పటిదాకా నుదుటి మచ్చకూ మెదడుకూ సంబంధం ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాళ్లం కాదేమో. అందరు పిల్లలకూ ఇలా అవుతుందని కాదు, మిమ్మల్ని బెదిరించడానికి రాయడం లేదు. ఎంఆర్ఐ మాత్రం వాయిదా వేయకండి అని చెప్పడానికే రాస్తున్నాను.

ఫిట్స్ మందుతోపాటు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు, చార ఇంకా దిగుతుంటే తర్వాత మైకోఫినోలేట్ అనే మందు చేర్చారు. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు, రెండేళ్లుగా చార కదల్లేదు, ఫిట్స్ రాలేదు.

మందు పెద్ద గండమేమీ కాదు. వేసుకున్న మరునాడు కడుపులో తిప్పుతుంది, అన్నం చూస్తే మొహం తిప్పుకుంటాడు. అందుకని మేము శనివారం రాత్రి భోజనం అయ్యాక ఇస్తాం, ఆదివారం బడి ఉండదు. ఆ పూట మజ్జిగన్నం, జొన్న సంకటి తప్ప వేరే ఒత్తిడి పెట్టను. స్టెరాయిడ్ నెలల్లో బుగ్గలు ఉబ్బి, ఆకలి విపరీతంగా ఉండేది, తగ్గించేకొద్దీ మామూలైంది. దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మొదట్లో నెలకోసారి రక్తకణాలకూ లివరుకూ పరీక్ష ఉంటుంది, తర్వాత వ్యవధి పెంచుతారు. ప్రతిసారీ దూరం వెళ్లనక్కరలేదు, ఊళ్లోనే చేయించి రిపోర్టు పంపేవాళ్లం. పిల్లల రుమటాలజిస్టు (కీళ్లవాతం, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే వైద్యుడు) కోసం మేము హైదరాబాదు వెళ్లాం. మీకు గుంతకల్లు నుంచి రైలు సౌకర్యం ఉంది కాబట్టి బెంగళూరే అనువు కావచ్చు, ఫిట్స్ వంటివి ఉంటే మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్‌హాన్స్ ఆసుపత్రి కూడా అక్కడే.

ఇంకొకటి. మా ఇంటి పక్క పిల్లకు ఆటలమ్మ పోసినప్పుడు నేను వెంటనే డాక్టరుకు ఫోను చేశాను. ఈ మందు మీద ఉన్న పిల్లలకు ఆటలమ్మ సోకితే తీవ్రం కావచ్చు. టీకాల విషయం కూడా మందు మొదలుపెట్టకముందే అడగండి, కొన్ని టీకాలు తర్వాత వేయకూడదు.

కడప ఫార్మసిస్టు

నాది ఒక్కటే మాట. ఈ మందుతో జరిగే పెద్ద ప్రమాదం మందు వల్ల కాదు, వారానికి ఒకసారి వేయవలసినది రోజూ వేయడం వల్ల జరుగుతుంది. మన దగ్గర చీటీ చూసి 'రోజుకు ఒకటి' అని కవరు మీద రాసి ఇచ్చే అలవాటు చేతికి పట్టేసింది. చీటీ మీద ఏ రోజు వేయాలో ఆ రోజు పేరు అక్షరాల్లో రాయించుకోండి, క్యాలెండరులో ఆ రోజునే చుట్టండి, స్ట్రిప్పు మీద ఎన్ని మిల్లీగ్రాములో ప్రతిసారీ చదవండి. రెండున్నర, ఐదు, ఏడున్నర, పది మిల్లీగ్రాముల బిళ్లలు ఉంటాయి, చూడటానికి దగ్గరగానే ఉంటాయి, నెల మారేసరికి కంపెనీ మారితే మోతాదు కూడా మారిపోయే అవకాశం ఉంది. జ్వరమనో, విరేచనాలనో వేరే వైద్యుడి దగ్గరికి వెళ్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పండి. కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మందు దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. నోటిలో పుండ్లు వస్తే తర్వాతి మోతాదు వేయకుండా ఫోను చేయండి.

గుంతకల్లు నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ప్రొద్దుటూరు అక్క రాసింది నా భార్యకు చదివి వినిపించాను, దువ్వెన సంగతి వచ్చేసరికి ఆమె లేచి పాప దగ్గరికి వెళ్లింది. ఎల్లుండి ఎంఆర్ఐకి, అదే రోజు కంటి డాక్టరుకు సమయం తీసుకున్నాం. అవి చూపించి వచ్చే శనివారం రాత్రి నుంచి మందు మొదలుపెడతాం. డాక్టరు గారూ, ఇంకొక్క సందేహం: చార ఆగిందో లేదో ఇంట్లో మేము ఎలా గుర్తుపట్టాలి? రోజూ చూస్తుంటే మార్పు తెలియడం లేదు. ఫోలిక్ యాసిడ్ కూడా రాశారు, అది కూడా శనివారమే వేయాలా?

చర్మవైద్యుడు, కర్నూలు

ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్ వేసిన రోజు కాకుండా వేరే రోజు వేయిస్తాం, ఏ రోజో మీ అనంతపురం వైద్యురాలినే అడిగి చీటీ మీద రాయించుకోండి.

రోజూ చూడకండి, నెలకు ఒకసారి ఫోటో తీయండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, జుట్టు వెనక్కి తడిపి దువ్వి, రెండు కనుబొమలూ పడేటట్టు ఎదురుగా ఒకటి, పక్క వెలుతురులో ఒకటి. చార పక్కన స్కేలు పట్టుకుంటే ఇంకా మంచిది. ఉగాది ఫోటోలు ఫోనులో ఏవైనా ఉంటే, పండుగకు తీసినవైనా సరే, వెదికి తీసి ఆమెకు చూపించండి. జబ్బు ఎంత వేగంగా వచ్చిందో వాటిలో తెలుస్తుంది.